ఎర్రబల్బు వెలగని పూటలు

ఈ సంగతి కొన్నేళ్ళుగా నా దగ్గరే ఉంది. బరువు మోస్తున్నాను అని రాయబోయి ఆగాను. బరువు మోసేవాళ్ళ భుజాలు కాయలు కాస్తాయి. నాకేమీ కాలేదు. వేళకి అన్నం తిన్నాను, బస్సెక్కాను, పనికి వెళ్ళాను, ఇంటికి వచ్చాను. నిద్ర కూడా పట్టేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ నిద్రే నన్ను ఎక్కువ భయపెడుతుంది. రోజూ డైరీ రాసే అలవాటు ఉన్నదాన్ని. వాన గురించి రాశాను, చదివిన కథల గురించి రాశాను, ఎదురింటి మేడ మీద వాలే పావురాల గురించి కూడా రాశాను. దీని గురించి ఒక్క వాక్యం రాయలేదు. నేను తప్ప ఎవరూ చూడని కాగితం ముందు కూడా సిగ్గుపడ్డానంటే అది ఎలాంటి పనో మీరే ఊహించండి.

ఊహించనక్కర్లేదు. చెప్పేస్తాను. ఒక మనిషి చెవులు పాడవడానికి నేను కారణం.

నేను చెయ్యెత్తి ఎవరినీ కొట్టలేదు. నొక్కవలసిన స్విచ్చి ఒకటి నొక్కలేదు. చెప్పుకుంటే ఎంత చిన్నగా ఉందో చూడండి. ఆ చిన్నతనం చాటునే ఇన్నాళ్ళూ దాక్కున్నాను.

మేం యాంగోన్‌లో, అంటే పాత రంగూన్‌లో, అహ్లోన్ వైపు ఉంటాం. మా ముత్తాత శ్రీకాకుళం నుంచి రేవులో బియ్యం బస్తాలు మొయ్యడానికి వచ్చాడట. ఆ రేవు పని మా ఇంట్లో ఎవరికీ మిగల్లేదు. నేను మింగళాడోన్‌లో, విమానాశ్రయం దగ్గర, ఒక స్టీలు సామాన్ల వర్క్‌షాపులో ఆఫీసు పని చేస్తాను. అన్నం క్యారియర్లు, మూతలు, గిన్నెలు, భిక్షువుల పాత్రలు అక్కడ తయారవుతాయి. ఓనరు తెలుగువారే. లత అనే పేటలో వాళ్ళ తాతల నాటి సామాన్ల కొట్టు ఉంది. కానీ ఆయన తల్లితో తప్ప ఎవరితోనూ తెలుగు మాట్లాడరు. వర్క్‌షాపులో అంతా బర్మీసే.

రేకు మీద పడే ప్రెస్సు, ఇనుప దిమ్మ మీద పడే సుత్తి. నేను చేరిన కొత్తలో ఇంటికి వచ్చాక కూడా చెవుల్లో సన్నగా ఈల మోగేది. అప్పట్లో అందరూ ఒకే షెడ్డులో పనిచేసేవారు. తర్వాత మా సరుకు కొనే విదేశీ కంపెనీ ఒక మనిషిని పంపింది. అతను చిన్న మీటరు పట్టుకుని మూలమూలా తిరిగి, చప్పుడు కొలిచి, ఏమేం మార్చాలో చెప్పి వెళ్ళాడు. ఓనరు గొణుక్కుంటూనే మార్పించారు. ప్రెస్సుల కాళ్ళ కింద మందపాటి రబ్బరు పెట్టించారు. మూతలు జారిపడే రేకు తొట్టికి పాత టైరు ముక్కలు అతికించారు. అంతవరకు మూత పడితే పళ్ళు జివ్వుమనేవి. తర్వాత దబ్‌మని అణిగిపోయేది. అన్నిటికన్నా పెద్ద మార్పు, సుత్తి పనిని వేరే గదిలోకి మార్చి చుట్టూ లావుపాటి గోడలు కట్టించడం. దానికి మేం గుద్దుడు గది అని పేరు పెట్టుకున్నాం.

బయటివాళ్ళకి హాయి. లోపలివాళ్ళకి చెవుల మీద పెట్టుకునే కప్పులు ఇచ్చారు. కప్పులున్నా సరే, ఒకే మనిషి రోజంతా లోపల ఉండకూడదు. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మనిషి మారాలి. కాసేపు గుద్దుడు గదిలో, కాసేపు బయట తుడుపు బల్ల దగ్గర. గిన్నెలు తుడిచి, చూసి, కాగితం చుట్టే బల్ల అది. చెవికి ఆ విశ్రాంతి దొరక్కపోతే కప్పులు మాత్రమే కాపాడలేవని ఆ మీటరు మనిషి గట్టిగా చెప్పాడు. అతని ఇంగ్లీషుని బర్మీస్‌లోకి మార్చి అందరికీ వినిపించింది నేనే. తెలియక చేశానని అనడానికి నాకు వీల్లేదు.

మారే వేళ లోపలివాళ్ళకి తెలియడం ఎలా? గంట కొడితే వినిపించదు. ఫోన్లు పని దగ్గరికి తేకూడదు, గుమ్మం పక్కన పెట్టెలో పెట్టి వెళ్ళాలి. అందుకని గుద్దుడు గదిలో ఒక ఎర్రబల్బు పెట్టించారు. స్విచ్చి నా బల్ల పక్కన, గోడ గడియారం కింద. నేను నొక్కితే లోపలి మనిషి బయటికి వస్తుంది, బయటి మనిషి లోపలికి వెళ్తుంది. రబ్బరూ గోడలూ కప్పులూ అన్నీ అయ్యాక, చివరికి మిగిలిన భాగం నా వేలి మీద ఆధారపడింది.

మూతల సొట్టలు తీసే పని ఇద్దరు ఆడవాళ్ళది. ఒకరు బర్మా ఆవిడ, సందా; ఇక్కడి మర్యాద ప్రకారం మ సందా. తల వంచుకుని పని చేసుకుపోయే మనిషి. రెండో ఆవిడ పైడత్త.

పైడత్త మాకు బంధువు కాదు. మా వీధిలో అందరికీ ఆవిడ అత్తే. భర్త పోయాక మనవరాల్ని పెంచుకుంటూ ఈ పనిలో చేరింది. పొద్దున్న అహ్లోన్‌లో నాతోనే బస్సెక్కి, నాతోనే దిగేది. ఆవిడ గొంతు పెద్దది. ప్రెస్సులు తిరుగుతున్నా బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి వినిపించేది. కరెంటు పోయి మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయిన క్షణంలో షెడ్డులో మిగిలేది విమానాల మోతా, పైడత్త మాటా.

నా ఆఫీసు కిటికీకి అద్దం లేదు, ఇనుప జల్లెడ మాత్రం ఉంది. దానికి ఆనుకునే తుడుపు బల్ల. పైడత్త బయటి వంతులో ఉన్నంతసేపూ నేను ఆవిడ నోటి ముందు కూర్చున్నట్టే ఉండేది.

నేను మాట్లాడే మనిషిని కాను. చిన్నప్పటినుంచీ అంతే. మా గుడి పక్క గదిలో ఒక బీరువా నిండా పాత తెలుగు పుస్తకాలు ఉండేవి. అవి ఎవరూ ముట్టుకునేవారు కాదు. అక్షరాలు కూడబలుక్కుని నేను వాటిని ఒక్కొక్కటే చదివాను. నా వయసు వాళ్ళకి తెలుగు అర్థమవుతుంది, నోటికి రాదు. నాకు నోటికి కూడా వచ్చు, కానీ ఆ పుస్తకాల భాషలో వస్తుంది. ఒకసారి పైడత్తతో, “కొంచెం నెమ్మదిగా మాట్లాడగలరా” అన్నాను. ఆవిడ బల్ల చరిచి నవ్వింది.

“ఓలమ్మా, సూడండే! పుస్తకానికి నోరొచ్చింది!”

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆవిడ ఏ పరాచికమైనా ముందు తెలుగులో ఆడి, ఊపిరి తీసుకుని, అదే మళ్ళీ బర్మీస్‌లో బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకి పంచేది. అంటే ప్రతి మాటకీ నేను రెండుసార్లు తల దించుకోవాలి. మధ్యాహ్నం అన్నం తిన్నాక డైరీ తెరిస్తే, “ఏటే ఆ రాత? పెళ్ళికొడుకు పేరు మర్సిపోతావనా?” అని అడిగేది. తర్వాత బర్మీస్‌లో. తర్వాత నవ్వులు. నాలుగు రోజులు డైరీ తేవడం మానేశాను. “ఏటే, పెళ్ళి తప్పిపోనాదా?” అంది.

ఆవిడ చెడ్డదని చెప్పడం లేదు. అలా అనిపించేలా రాస్తున్నానేమో అని ఇప్పుడే రెండు వాక్యాలు కొట్టేశాను. చిన్‌బౌంగ్ అని ఇక్కడ పిలిచే గోంగూరని ఆవిడ పచ్చడి చేసి నాకు విడిగా డబ్బాలో తెచ్చేది. నాకు జ్వరం వస్తే ఇంటికి వచ్చి మా అమ్మతో కూర్చునేది. ఆ వర్క్‌షాపు మొత్తానికి నన్ను తెలుగులో పలకరించే మనిషి ఆవిడ ఒక్కతే. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే చేశాను. ఎందుకు చేశాను? నాకు కావలసింది కాస్త నిశ్శబ్దం. అదేమంత పెద్ద కోరిక? ఎవరికైనా ఉండొచ్చు గదా? ఈ ప్రశ్న నాకు నేను ఎన్నోసార్లు వేసుకున్నాను, ప్రతిసారీ జవాబు నాకు అనుకూలంగా చెప్పుకున్నాను.

మొదటిసారి నిజంగానే మర్చిపోయాను. వానాకాలం. పైడత్త లోపల, మ సందా బయట. బల్ల సొరుగులో పెట్టుకున్న పుస్తకంలో పడిపోయాను. తలెత్తి చూస్తే మారవలసిన వేళ ఎప్పుడో దాటిపోయింది. గబుక్కున స్విచ్చి నొక్కాను. పైడత్త బయటికి వచ్చింది, తలకి కట్టుకున్న గుడ్డ విప్పుకుని మొహం తుడుచుకుంది, కూర్చుంది. ఏమీ అనలేదు. లోపల వేళ తెలియదు కాబట్టి అనడానికి ఆవిడకి ఏమీ లేదు.

ఆ సంగతి నేను గమనించాను. గమనించకుండా ఉండవలసింది.

ఆ తర్వాత మరొక రోజు ఆలస్యం చేశాను. ఈసారి గడియారం చూస్తూనే. ఈ పేజీ అయ్యాక నొక్కుదాం అనుకున్నాను. పేజీ అయ్యింది. ఇంకొకటి తిప్పాను. కిటికీ అవతల మ సందా కాగితం చుడుతున్న సరసర తప్ప ఏమీ లేదు. లావుపాటి గోడల వెనక నుంచి సుత్తి దెబ్బలు ఎవరో దూరంగా తలుపు తడుతున్నట్టు వస్తున్నాయి. ఆ గోడలు ఎందుకు కట్టారో నాకు తెలుసు. వాటి లోపల దెబ్బ ఎలా ఉంటుందో కూడా తెలుసు, ఎందుకంటే ఒకసారి తలుపు తీసి నిలబడితే నా పక్కటెముకలు అదిరాయి. అయినా ఆ దూరపు చప్పుడు నాకు హాయిగా ఉండేది. అది మోగుతున్నంతసేపూ ఆవిడ ఇక్కడ లేదని అర్థం.

కొన్ని వారాలకి అది అలవాటైంది. కొన్ని పూటలు ఆలస్యంగా నొక్కేదాన్ని. కొన్ని పూటలు అసలు నొక్కేదాన్నే కాదు. మ సందా అప్పుడప్పుడూ చేతులాపి గుద్దుడు గది తలుపు వైపు చూసేది. తర్వాత జల్లెడ లోంచి నా వైపు చూసేది. నేను సొరుగులోకి చూసుకునేదాన్ని. ఆమె ఎప్పుడూ అడగలేదు. ఒకసారి నా బల్ల మీద లపెట్ పొట్లం, అదే టీ ఆకు పచ్చడి, పెట్టి వెళ్ళిపోయింది. నేను తిన్నాను. ఆ పూట దాని రుచి ఎలా ఉందో ఇప్పటికీ చెప్పగలను.

పైడత్త చివరికి అడిగింది. నీళ్ళ డ్రమ్ము దగ్గర నేను చేతులు కడుక్కుంటుంటే వచ్చి దారికి అడ్డంగా నిలబడింది. చెవుల చుట్టూ కప్పులు నొక్కుకున్న గుర్తులు ఎర్రగా ఉన్నాయి.

“ఒలే గుంటా, ఆ లైటుకేటి రోగం? ఎలగడం మానేసినాదా? నాను లోపలే ముసిలైపోతన్నాను.”

నిజం చెప్పడానికి అదొక అవకాశం. ‘మర్చిపోయాను అత్తా’ అంటే చాలు. తిట్టేది, రెండు భాషల్లో తిట్టేది, నవ్వేవారు, అయిపోయేది. ఆ నవ్వులు తలుచుకోగానే నా నోరు ఇంకోలా తెరుచుకుంది.

“లైటు బాగానే ఉంది అత్తా. ఓనరు గారే చెప్పారు.”

“ఏటి సెప్పినాడు?”

“నీ చెయ్యి బాగుందట. మచ్చ పడకుండా సొట్ట తియ్యడం నీ ఒక్కదానికే వచ్చునట. అందుకని నిన్నే ఎక్కువసేపు ఉంచమన్నారు.”

ఆవిడ చెమట చేతులు తను కట్టుకున్న బర్మా లుంగీకి తుడుచుకోవడం ఆపేసింది.

“నిజ్జంగానా? ఆ మాట అన్నాడా?”

“అన్నారు.”

“ఏ బాసలో అన్నాడే?”

ఇలా అడుగుతుందని నేను అనుకోలేదు. ఆలోచించే వ్యవధి లేదు. అయినా ఆవిడకి ఏది ఎక్కువ తీపిగా ఉంటుందో నాకు వెంటనే తెలిసిపోయింది.

“తెలుగులోనే అత్తా.”

“నాకాడ తెలుగు ముక్క ఆడడు గానీ, నీకాడ అన్నాడా! సూసినావా!” అంటూ నా బుగ్గ గిల్లి, మ సందా దగ్గరికి వెళ్ళి అదంతా బర్మీస్‌లో చెప్పింది. మ సందా తల ఊపింది. ఆ తల ఊపులో ఏముందో నేను చూడదలచుకోలేదు.

ఆ మాట తర్వాత నేను పెద్దగా కష్టపడనక్కర్లేకపోయింది. అబద్ధమే నా పని చేసింది. నేను భయపడి వేళకి బల్బు వేసిన రోజుల్లో కూడా ఆవిడ, ఉండు, ఈ వరస అవనీ అని బర్మీస్‌లో చెప్పి మ సందాని వెనక్కి పంపేసేది. ఓనరు అటు వస్తే నడుం నిటారుగా పెట్టి కొట్టేది. పనిలో పేరు వచ్చిందనుకున్న మనిషి ఆ పేరు నిలబెట్టుకోవాలి గదా. దెబ్బ సరిగ్గా పడితే మూత ఒకలా పలుకుతుందట, లోపల ఇంకా సొట్ట ఉంటే మరోలా పలుకుతుందట. ఆ పలుకు వినడానికి పైడత్త కుడి చెవి కప్పు పైకి జరిపి పని చెయ్యడం మొదలుపెట్టింది. తలుపు తీసినప్పుడల్లా అది నా కంటబడేది. ఎడమ చెవికి కప్పు ఉండేది. కుడి కప్పు నుదుటి పక్కన, చెవిలో పెట్టుకోవలసిన పువ్వు జారినట్టు ఉండేది. కప్పు తియ్యకూడదని అందరికీ చెప్పవలసిన బాధ్యత నాది. చెబితే ఏమంటుంది? ‘మరి ఓనరు నా పని మెచ్చుకున్నాడు గదే’ అంటుంది. నా అబద్ధాన్ని నేనే ఎలా మందలించను? ఊరుకున్నాను.

అలా ఎన్నాళ్ళో జరిగింది. పుస్తకాలు చాలా చదివాను.

మార్పు ఒక్కసారిగా రాలేదు. బస్సులో మాట్లాడేటప్పుడు ఆవిడ గొంతు ఇంకా పెద్దదైంది. ముందు సీట్లవాళ్ళు తిరిగి చూసేవారు. గుడిలో భజనకి తాళం వేస్తుంటే ఆవిడ చప్పట్లు అందరికన్నా ముందో వెనకో పడేవి. పిల్లలు కిసుక్కుమనేవారు. “ఆఁ?” అనడం ఎక్కువైంది. తర్వాత అది కూడా తగ్గి, మాట్లాడేవాళ్ళ నోటివైపు చూడడం మొదలుపెట్టింది. మనవరాలు ఫోన్ చేస్తే ఎడమ చేతిలోకి మార్చుకుని ఎడమ చెవికి పెట్టుకునేది. ఇవన్నీ బస్సులో పక్క సీట్లో కూర్చుని చూశాను. ప్రతి గుర్తుకీ నా దగ్గర ఒక సమాధానం ఉండేది. వయసు. జలుబు. ఫోన్ మంచిది కాదు.

నన్ను ఏడిపించడం కూడా తగ్గించింది. ఎదుటివాళ్ళ జవాబు వినిపించకపోతే పరాచికం ఎలా ఆడుతుంది? నేను కోరుకున్నది నాకు దొరికింది. అయినా స్థిమితం లేదు. పుస్తకం తెరిస్తే అదే పేజీ మళ్ళీ మళ్ళీ చదివేదాన్ని.

ఈ ఏడాది ఆ విదేశీ కంపెనీ చెవుల పరీక్ష పెట్టించింది. ఒక వ్యాను, అందులో చప్పుడు చొరబడని చిన్న గది, ఒక పడుచు డాక్టరు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చోవాలి. సన్నగా కూత వినిపిస్తే చేతిలో మీట నొక్కాలి. పైడత్త నా చెయ్యి పట్టుకుంది. “నువ్వు కూడా రాయే, బయంగా ఉంది” అంది. వెళ్ళాను.

మొదట టకటకా నొక్కేసింది. ఆవిడ తెలివి నాకు తెలుసు. గాజు లోంచి డాక్టరు చెయ్యి చూస్తూ, ఆ చెయ్యి కదిలినప్పుడల్లా నొక్కుతోంది. డాక్టరు కాసేపటికి కనిపెట్టి, నవ్వి, కుర్చీ గోడవైపు తిప్పించింది. మళ్ళీ మొదలుపెట్టింది. డాక్టరు వేలు ఒక్కొక్క గుండీ నొక్కుతోంది. పైడత్త బొటనవేలు మీట మీద సిద్ధంగా ఉంది. కదలదు. డాక్టరు మోత పెంచింది. కదలలేదు. ఆవిడ వీపు చాలా బుద్ధిగా, బడిలో పిల్లలా నిటారుగా ఉంది. వినిపించినప్పుడు నొక్కుదామని ఎదురు చూస్తోంది. అంత శ్రద్ధగా ఎవరూ ఎదురు చూడడం నేను చూడలేదు.

తర్వాత డాక్టరు ఓనరుని పిలిచి అడిగింది. ఇద్దరూ వంతులు మారుతున్నారని, మ సందా చెవులు బాగానే ఉన్నాయని, కాబట్టి ఈవిడది వయసు వల్లే అయి ఉంటుందని ఆయన అన్నారు. ఆయన అబద్ధం ఆడలేదు. ఆయనకి తెలిసింది అంతే. డాక్టరు పైడత్తని గట్టిగా అడిగింది, వంతులు సరిగ్గా మారేవారా అని. పైడత్త గర్వంగా చెప్పింది: నా చెయ్యి బాగుందని ఈయనే నన్ను ఉంచమన్నారు, నేను ఇష్టపడే ఉన్నాను. ఓనరు కాస్త తెల్లబోయారు. కాదనలేదు.

దాని అర్థం ఏమిటో ఆ గదిలో నాకూ ఓనరుకీ తెలుసు. పని వల్ల చెవి పాడైతే ఆ మనిషిని అదే జీతం మీద తుడుపు బల్ల దగ్గర ఉంచాలన్నది కంపెనీ షరతు. వయసు వల్ల పోయినా, తన ఇష్టంతో లోపల ఉండిపోయినా ఆ షరతు వర్తించదు. గుద్దుడు గదికి పనికిరాదు కాబట్టి ఇంటికి పంపేయొచ్చు. మనవరాలి చదువు ఇంకా అవలేదు. వచ్చే వారం మళ్ళీ వచ్చి తేలుస్తానని డాక్టరు వెళ్ళిపోయింది. నేను గనక నోరు తెరవకపోతే పైడత్త మళ్ళీ అదే మాట చెబుతుంది. తన పని తనే పోగొట్టుకుంటుంది. అదీ నేను ఇచ్చిన మెప్పు పట్టుకుని.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. పైడత్త నేల మీద పేపరు పరిచి గోంగూర ఆకు వలుస్తోంది. నేను ఆవిడ ఎడమ పక్కన కూర్చున్నాను. గట్టిగా మాట్లాడాలి. ఇలాంటి మాట గట్టిగా అరిచి చెప్పవలసిన అవసరం ఎవరికీ రాకూడదు.

“అత్తా, ఓనరు గారు ఆ మాట అనలేదు.”

“ఏ మాట?”

“నీ చెయ్యి బాగుందని. నిన్ను ఉంచమని. నేనే కల్పించాను. లైటు కూడా నేనే వెయ్యలేదు.”

ఇంకోసారి చెప్పవలసి వచ్చింది. రెండోసారి నా నోటివైపు చూసింది. చాలాసేపు ఆకులు వలుస్తూనే ఉంది. కాడలు ఒక వైపు, ఆకులు ఒక వైపు. చెవుల సంగతి అడుగుతుందనుకున్నాను.

“తెలుగులో అన్నాడన్నావు గదే,” అంది.

“అనలేదు అత్తా.”

“అసలేటీ అన్లేదా?”

“లేదు.”

ఇంకొన్ని ఆకులు. తర్వాత, తలెత్తకుండానే, “ఎందుకే?” అంది.

“మర్చిపోయేదాన్ని అత్తా. పుస్తకంలో పడి వేళ చూసుకునేదాన్ని కాదు. నువ్వు తిడతావని భయమేసి అలా చెప్పాను,” అన్నాను.

ఆవిడ తల ఊపింది. కాసేపటికి నేనే లేచి వచ్చేశాను.

డాక్టరు వచ్చిన రోజు పైడత్త అందరి ముందూ వేలు పెట్టి నన్ను చూపించి, ఆ అమ్మాయి వేళకి బల్బు వెయ్యలేదు, ఒక్క పూట కాదు, చాలాకాలం, అని బర్మీస్‌లో స్పష్టంగా చెప్పింది. మెప్పు సంగతి ఎత్తలేదు. ‘మొన్న ఓనరు మెచ్చుకున్నారని అన్నారే’ అని డాక్టరు అడిగితే, ‘నేనే ఏదో అనుకున్నాను’ అంది. అది చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ గొంతు చిన్నదైంది. అంత చిన్న గొంతు ఆవిడకి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. నేను అవునని ఒప్పుకున్నాను. ఓనరు అందరి ముందూ నన్ను తిట్టారు. స్విచ్చి తీసేసి, గడియారానికి కలిపి దానంతట అదే వెలిగే బల్బు పెట్టించారు. నా ఉద్యోగం పోలేదు. ఇంగ్లీషు ఉత్తరాలు రాసేవాళ్ళు వేరే లేరు. ఇది కూడా మీకు చెప్పాలి.

పైడత్తకి తుడుపు బల్ల ఖాయమైంది. ఇప్పుడు రోజంతా నా కిటికీ అవతలే ఉంటుంది. బస్సులో ముందు వైపు కూర్చుంటుంది. నాతో మాట్లాడదని కాదు. మాట్లాడుతుంది, బర్మీస్‌లో. ఆఫీసులో పనిచేసే చదువుకున్న ఆడవాళ్ళని ఇక్కడ సయామ అంటారు, మర్యాద మాట. “సయామ, కాగితం అయిపోయింది.” “సయామ, సంతకం పెట్టాలి.” అంత మర్యాదగా ఆవిడ ఓనరుతో కూడా మాట్లాడదు. ఒలే లేదు, గుంటా లేదు. ఒకసారి నేను కావాలని తెలుగులో, ‘మనవరాలు ఎలా ఉంది అత్తా’ అని గట్టిగా అడిగాను. విన్నదని నాకు తెలుసు, ఎడమ వైపు నుంచే అడిగాను. బాగుంది సయామ, కృతజ్ఞతలు, అని బర్మీస్‌లో జవాబు చెప్పి గిన్నె తుడుచుకుంది.

ఆవిడ అలా ఉండడం న్యాయమే. దాని గురించి ఫిర్యాదు చెయ్యడానికి ఇది రాయలేదు.

ఆ ఆదివారం నేను అన్నీ ఒప్పేసుకున్నానని అందరూ అనుకుంటున్నారు. పైడత్త కూడా అలాగే అనుకుంటోంది. మర్చిపోయే పిల్ల, పుస్తకాల పిచ్చి, భయపడి అబద్ధం ఆడింది. ఆ కథలో నేను బద్ధకస్తురాలిని, పిరికిదాన్ని. అంతకన్నా చెడ్డదాన్ని కాను. ఆవిడ ‘ఎందుకే’ అని అడిగినప్పుడు నేను చెప్పింది రెండో అబద్ధం. నిజం చెప్పి ఉంటే, తను నవ్వుతూ అన్న మాటలన్నీ నేను ఎలా విన్నానో కూడా తెలిసేది. అది చెప్పకపోవడం ఆవిడ మీద జాలా, నా మీద నాకున్న ప్రేమా? జాలి అని రాద్దామనుకున్నాను. రాయలేకపోతున్నాను.

కాబట్టి మీకు చెబుతున్నాను. మొదటిసారి తప్ప నేను ఎప్పుడూ మర్చిపోలేదు. గడియారం చూసేదాన్ని. వేళ అయిందని తెలిసేది. కొన్నిసార్లు స్విచ్చి మీద వేలు పెట్టి కూడా తీసేశాను. లోపల చప్పుడు ఆవిడ చెవులని ఏం చేస్తుందో నాకు తెలుసు. ఆవిడ గొంతు నాకు వినిపించకూడదని, ఆవిడని ఆ చప్పుడులో ఉంచాను.

రాసేశాను. రాశాక ఒకసారి పైకి చదువుకున్నాను, తెలుగులో, నా గొంతుతో. ఇన్నాళ్ళూ లోపల అటూ ఇటూ తిరుగుతున్నది ఒక చోట ఆగింది. దాన్ని ఇక నేను చూడగలను. అంతకు మించి ఏమీ మారలేదు.